ఇంజెక్టర్లు తర్వాత, ముందు గాలి సంగతి చూడు

తమ్ముడూ, నీ ప్రశ్నను ముందు నా మాటల్లో తిరిగి చెప్తాను, సరిగ్గా అర్థమైందో లేదో నువ్వే చూసుకో. ఫిబ్రవరిలో పికప్పు కొన్నావు. రావులపాలెం మార్కెట్లో అరటి గెలలు ఎత్తుకుని తణుకు, పాలకొల్లు, భీమవరం ఊళ్లకు తోలుతున్నంత కాలం లీటరుకు 13 కిలోమీటర్లు వచ్చింది. జూన్ ఆఖరు నుంచి కడియపులంక నర్సరీల మొక్కలు విజయవాడకు వేస్తున్నావు, లోడు మీద పదిన్నర దాటడం లేదు. మెకానిక్కు ఇంజెక్టర్లు, అంటే ఇంజనులోకి డీజిల్ చిమ్మే ముక్కులు, దించి చూడాలంటున్నాడు. నీ స్నేహితుడేమో వెనక డోరు దించి నడపమంటున్నాడు, వంతెన దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే ఆదా అంటున్నాడు. ఎవరి మాట వినాలి అన్నది నీ బాధ.

ప్రస్తుతానికి ఇద్దరి మాటా వినకు. నేను లారీ మీద క్లీనరుగా మొదలుపెట్టి, ఇరవై నాలుగేళ్లు స్టీరింగు పట్టి, ఇప్పుడు మూడు పికప్పులు తిప్పుకుంటున్నాను. ప్రతి బండిలో ఒక నోటు పుస్తకం ఉంటుంది. డీజిల్ కొట్టించిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, లీటర్లు, లోడు ఏంటి, ఏ రోడ్డు అన్నీ రాయాల్సిందే. డ్రైవర్లు మొదట్లో తిట్టుకున్నారు, ఇప్పుడు వాళ్లలో వాళ్లే పోటీ పడుతున్నారు. ఆ పుస్తకాలు తిరగేసిన అనుభవంతో చెప్తున్నాను: నీ బండికి జబ్బు చేసినట్టు నాకు అనిపించడం లేదు. జూన్‌లో నీకు మూడు విషయాలు ఒకేసారి మారాయి. గెలలు తోలినప్పుడు ఊళ్ల మధ్య నలభై, నలభై ఐదులో పోయేవాడివి, ఇప్పుడు హైవే మీద ఎనభైలో పోతున్నావు. అప్పుడు లోడు క్యాబిను ఎత్తు దాటేది కాదు, ఇప్పుడు ఇనప ఫ్రేము కట్టించి క్యాబిను మీద ఇంకో మూడడుగులు లేపావు. మూడోది నువ్వు రాయనే లేదు, గాలి. దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

మన గోదావరి డెల్టాలో ఒక సుఖం ఉంది. ఘాట్లు లేవు, కొండలు లేవు. దవళేశ్వరం దాటితే సముద్రం దాకా నేల పళ్లెంలా ఉంటుంది, ఎక్కుడు దిగుడు అంటే వంతెనలే. కాబట్టి "ఎత్తు ఎక్కింది, అందుకే తాగింది" అని చెప్పుకోవడానికి లేదు. చక్రాలకు చేరిన శక్తి మూడు చోట్ల ఖర్చవుతుంది. టైర్లు దొర్లడానికి కొంత, గాలిని తోసుకుపోవడానికి కొంత, బ్రేకు నొక్కినప్పుడు డ్రమ్ముల్లో వేడిగా మిగతాది. కాలవ గట్టు రోడ్ల మీద బ్రేకు తినేస్తుంది, హైవే మీద గాలి తినేస్తుంది. రెండింటికీ మందు వేరు. ఒకదాని మందు రెండోదానికి వేస్తే పనిచేయదు.

గాలి సంగతి అర్థం కావాలంటే సఖినేటిపల్లి రేవుకో, కోటిపల్లి రేవుకో వెళ్లి పంటును, అదే మనుషుల్ని, బండ్లను ఏరు దాటించే చదును పడవను చూడు. పంటు ముందు భాగం పళ్లెంలా చదునుగా ఉంటుంది. కదిలితే ముందు నీళ్లు గుట్టలా లేస్తాయి, వెనకాల సుడులు తిరుగుతూ వస్తాయి. పక్కనే చేపల నావ మొన తేలి ఉంటుంది, నీటిని చీల్చుకుంటూ పోతుంది, వెనక గీత తప్ప అలజడి ఉండదు. గాలి కూడా అలాంటిదే, కంటికి కనపడదంతే. నీ బండి ఇప్పుడు పంటు. చాలామంది ముందు తగిలే గాలి గురించే ఆలోచిస్తారు గానీ, సగం దెబ్బ వెనకనే ఉంది. పెట్టెలాంటి బండి వెనకాల గాలి వెంటనే కలుసుకోలేదు, అక్కడ ఒత్తిడి తగ్గి సుడులు పడతాయి, ఆ తగ్గిన ఒత్తిడి బండిని వెనక్కి పీలుస్తూ ఉంటుంది. వానలో ఏదైనా బస్సు వెనకాల వెళ్తే దాని వెనక తుంపర్లు ఎలా గిరగిరా తిరుగుతూ అద్దానికి అంటుకుంటాయో చూసే ఉంటావు, అదే.

గాలి అడ్డు స్పీడుతో సమానంగా పెరగదు, స్పీడు వర్గంతో పెరుగుతుంది. స్పీడు రెట్టింపైతే అడ్డు నాలుగింతలు. 60 నుంచి 80కి పెంచితే స్పీడు మూడో వంతే పెరిగింది, గాలి అడ్డు మాత్రం ముప్పాతిక వంతు పైనే పెరుగుతుంది. కిలోల లెక్కలో చెప్తాను, అలా అయితేనే నాకు కూడా తలకెక్కింది. బండి, లోడు కలిపి మూడు టన్నులు అనుకో. మంచి తారు రోడ్డు మీద దాన్ని దొర్లించడానికే 35 కిలోల లాగుడు కావాలి, స్పీడు ఎంతైనా ఇంచుమించు ఇంతే. లోడు క్యాబిను ఎత్తు దాటకపోతే 60లో గాలి అడ్డు పాతిక కిలోలు, 80లో 45 కిలోలు. నీ మొక్కల ఫ్రేముతో బండి ముఖం పెద్దదైంది, ఆకారం పాడైంది. 65లో 48, 80లో 72 కిలోలు అవుతుంది. ఇవి బండి ముఖం వైశాల్యం, ఆకారం ఉజ్జాయింపుగా వేసుకుని కట్టిన అంకెలు, నీ బండికి కాస్త అటూ ఇటూ ఉండొచ్చు.

ఇప్పుడు డీజిల్. లీటరులో దాదాపు 36 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. రేడియేటరు వేడి, సైలెన్సరు వేడి, గేరు బాక్సు రాపిడి పోగా చక్రాలకు చేరేది మూడో వంతు లోపే, 11 అనుకో. ఆ లెక్కన పది కిలోల లాగుడు వంద కిలోమీటర్లు ఉంటే 0.9 లీటరు ఖర్చు. నువ్వు 80లో పోతే గాలికి 72, టైర్లకు 35, కలిపి 107 కిలోలు. వంద కిలోమీటర్లకు తొమ్మిదిన్నర లీటర్లు, అంటే లీటరుకు పదిన్నర. చూశావా? ఇంజను చక్కగా ఉన్నా నీకు పదిన్నరే వస్తుంది. అదే లోడుతో 65లో పోతే 83 కిలోలు, లీటరుకు పదమూడు దాటుతుంది. విజయవాడ నూట యాభై కిలోమీటర్లు అనుకుంటే ట్రిప్పుకు మూడు లీటర్ల పైన మిగులుతుంది. డీజిల్ లీటరు వంద అనుకుంటే మూడు వందలు. ఇందుకు నువ్వు పోగొట్టుకునేది కాగితం మీద 26 నిమిషాలు. దారిలో టీ, టోల్ గేటు, తాడేపల్లిగూడెం దగ్గర ఇంకో టీ చూసుకుంటే అదీ ఉండదు. గూడ్సు బండ్లకు 2018లో కేంద్రం పెట్టిన హద్దు కూడా నాలుగు లైన్ల రోడ్డు మీద 80, మామూలు రోడ్ల మీద 60. అంటే నువ్వు హద్దు చివర నడుపుతున్నావు, అక్కడే గాలి ఎక్కువ తినేది.

ఇక నువ్వు రాయని మూడో విషయం. బండికి తగిలేది రోడ్డు మీద స్పీడు కాదు, గాలితో పోల్చిన స్పీడు. ఎదురుగాలి 20లో వీస్తుంటే 80లో పోయే బండికి 100లో పోతున్నట్టే. కడియపులంక నుంచి విజయవాడ ఏ దిక్కు? పడమరకూ నైరుతికీ మధ్య. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకు గాలి వీచేది ఎక్కడి నుంచి? పడమర, నైరుతి నుంచే. ఆషాఢంలో అరటి తోటలు చూడు, ఆకులన్నీ తూర్పుకు వాలి చీలికలై ఉంటాయి. సరిగ్గా ఆ గాలికి ఎదురుగా మొక్కల గోడ పెట్టుకుని నువ్వు వెళ్తున్నావు. అలాంటి రోజున 72 కిలోలు కాస్తా 110 దాటిపోతుంది. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది కదా, సరిపోదా అంటావేమో. సరిపోదు. వర్గం లెక్క కాబట్టి ఎదురుగాలి పెంచినంత, వెనక గాలి తగ్గించదు. 20 గాలిలో పోయేటప్పుడు నలభై కిలోలు పెరిగితే వచ్చేటప్పుడు ముప్పై కిలోలే తగ్గుతుంది.

అందుకే మా బండ్లు వానాకాలంలో విజయవాడ వైపు అయితే తెల్లవారుజామున మూడుకే బయల్దేరతాయి. పొద్దెక్కే కొద్దీ గాలి ముదురుతుంది. ఎండాకాలం లెక్క వేరు. మధ్యాహ్నం దాటాక సముద్రం మీద నుంచి పైరగాలి మొదలవుతుంది, అప్పుడు రాజమండ్రి నుంచి అమలాపురం దిగేవాడికి ఎదురు, అటు నుంచి కొబ్బరికాయలు ఎత్తుకొచ్చేవాడికి తోడు. అంబాజీపేట కాయలు తెచ్చే మా బండి వేసవిలో ఉదయం ఖాళీగా వెళ్లి సాయంత్రం లోడుతో రావడం నేను ముందు ఆలోచించి పెట్టింది కాదు, మార్కెట్ టైములు అలా కుదిరాయి. నోటు పుస్తకంలో తేడా కనపడ్డాకే కారణం వెతుక్కున్నాను.

నీ ఫ్రేము గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే స్పీడు తర్వాత, పెద్ద ఖర్చు లేకుండా నువ్వు బాగుచేసుకోగలిగింది అదే. మొదటిది, ఖాళీగా వచ్చేటప్పుడు అది బండి మీద ఎందుకు? గొట్టం గుండ్రంగా నున్నగా ఉంటుంది కాబట్టి గాలికి అడ్డు కాదనుకుంటాం. తప్పు. గుండ్రని గొట్టం వెనక గాలి విడిపోయి సుడులు వదులుతుంది, అదే మందంలో రెక్క ఆకారం ఉన్నదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ అడ్డు. పది పన్నెండు గొట్టాలు నిలబెట్టావంటే క్యాబిను మీద చిన్న తలుపు నిలబెట్టినట్టే. వెల్డింగు కోయించి బోల్టులు పెట్టించు, లోడు దించగానే ఊడదీసి బాడీలో పడుకోబెట్టు. ఇద్దరికి పావుగంట పని.

రెండోది, మొక్కలు పేర్చే పద్ధతి. కూలీలకు ఎక్కించడం త్వరగా అవ్వాలి కాబట్టి పొడుగువి వెనక, పొట్టివి ముందు పెట్టేస్తారు, అందితే చాలు. నువ్వు దగ్గరుండి తిప్పించు. పొడుగు మొక్కలు క్యాబినుకు ఆనుకుని, కొసలు వెనక్కి వాలేలా, వెనక్కి పోయేకొద్దీ ఎత్తు తగ్గేలా. అప్పుడు లోడు తోక సన్నబడుతుంది, వెనక పీల్పు తగ్గుతుంది. క్యాబినుకూ లోడుకూ మధ్య ఖాళీ వదలకు, ఆ సందులో గాలి దూరి గింగిరాలు కొడుతుంది. మట్టి కవర్ల బరువు మాత్రం వెనక ఇరుసుకు కాస్త ముందు పడేలా చూడు, అన్నీ వెనక వేస్తే స్టీరింగు తేలిపోతుంది. కొసలు ముందుకు పెడితే ఇంకో నష్టం, ఎదురుగాలికి ఆకులు చీలి కొస మాడిపోతుంది. విజయవాడ వాడు రేటు కోసేది అక్కడే. అందుకే డీజిల్ సంగతి తర్వాత, ఆకు కోసమైనా ఈ పని చెయ్యాలి.

గ్రీన్ నెట్టు కప్పుతున్నావా? కప్పితే బిగించి కట్టు. పటపటా కొట్టుకునే నెట్టుగానీ, బరకంగానీ డీజిల్ తాగుతూనే ఉంటుంది, ఆ చప్పుడు దాని ఖర్చు చప్పుడే. ఒకసారి సిద్ధాంతం వంతెన మీద మా బరకం మూల ఊడి జెండాలా లేచి, వెనక మోటారు సైకిలు మీద వచ్చే ఆయన మొహానికి తగలబోయింది. ఆయన అన్న మాటలు ఇక్కడ రాయలేను. అప్పటి నుంచి నాలుగు మూలలకే కాదు, మధ్యలో రెండు అడ్డ తాళ్లు కూడా.

క్యాబిను మీద వాలు రేకు బిగించమని ఎవరైనా చెప్తారు. అది మంచిదే, కానీ లోడు ఎప్పుడూ క్యాబిను కంటే ఎత్తు ఉండే బండికే, దాని పై అంచు లోడు ఎత్తుకు సరిపోవాలి. ఖాళీ బండి మీద ఆ రేకు తనే అడ్డుగోడ. నీకు సగం దారి ఖాళీ కాబట్టి ఇప్పుడు వద్దంటాను.

ఇంకొక బరువు గురించి ఎవరూ లెక్క వేయరు, నీళ్లు. నర్సరీలో ఎక్కించే ముందు కవర్లకు బాగా నీళ్లు పట్టిస్తారు, వానలు పడుతుంటే అసలు చెప్పక్కర్లేదు. నువ్వు టన్ను అనుకున్నది టన్నున్నర కావచ్చు. ఒకసారి కాటా వేయించు. ఆర్.సి.లో రాసిన బరువు దాటితే డీజిల్ కంటే ముందు వేరే ఖర్చు వస్తుంది.

వెనక డోరు దించే సలహా నేను కుర్రాడిగా ఉన్నప్పటి నుంచీ వింటున్నాను. గాలి డోరుకు కొట్టుకుంటోంది, దించేస్తే సాఫీగా పోతుంది అని. వినడానికి బాగుంటుంది. కానీ ఖాళీ బండిలో క్యాబిను దాటిన గాలి నేరుగా డోరుకు కొట్టుకోదు. బాడీ తొట్టిలో గాలి నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూ దిండులా నిలబడుతుంది, పై గాలి ఆ దిండు మీదుగా జారిపోతుంది. డోరు దించితే ఆ దిండు చెదిరిపోతుంది. ఆదా ఉండదు, చాలాసార్లు కాస్త నష్టమే. పైగా దించిన డోరు నంబరు ప్లేటును, వెనక లైట్లను కప్పేస్తుంది. రాత్రి వెనక వచ్చేవాడికి నువ్వు కనపడవు. మూసే ఉంచు. ఖాళీ తొట్టి మీద బరకం డోళ్లు వాయించేంత బిగువుగా కట్టగలిగితే కొద్దిగా లాభం, లీటర్లలో కాదు, గ్లాసుల్లో.

ఇప్పుడు బ్రేకు. విజయవాడ లైను మానేసి మళ్లీ ఊళ్లకు తిరిగినప్పుడు నీకు ఇది పనికొస్తుంది. మూడు టన్నుల బండి 60లో ఉందంటే దానిలో ఉన్న ఊపు శక్తి 0.4 మెగాజౌళ్లు. బ్రేకు వేసి ఆపావా, అదంతా డ్రమ్ముల్లో వేడి. మళ్లీ 60కి తేవాలంటే దాదాపు 38 మిల్లీలీటర్ల డీజిల్ కావాలి. అంటే సగం టీ గ్లాసు. ఆపిన ప్రతిసారీ సగం టీ గ్లాసు రోడ్డు మీద పోసి వెళ్తున్నట్టు. 40లోంచి ఆపితే అది 17 మిల్లీలీటర్లే. పాలకొల్లు, భీమవరం రోడ్డు మీద స్పీడు బ్రేకర్లు ఎన్ని, మలుపులు ఎన్ని, గేదెలు ఎన్ని! రెండు బ్రేకర్ల మధ్య అరవైకి లేపి మళ్లీ తొక్కేవాడు, నలభై ఐదులో సాఫీగా పోయేవాడు ఊరు చేరేసరికి ఐదు నిమిషాలు తేడా. నా దగ్గర ఒక డ్రైవరు ఉండేవాడు, మంచివాడే, బండి శుభ్రంగా ఉంచేవాడు, కానీ కుడికాలికి రెండే పనులు తెలుసు, పూర్తిగా తొక్కడం, పూర్తిగా ఆపడం. అదే బండి, అదే ట్రే చేపలు, అదే దారి, ఇంకో డ్రైవరు ఎక్కితే లీటరుకు రెండు కిలోమీటర్లు ఎక్కువ వచ్చేది. తిట్టి లాభం లేదని పక్క సీట్లో కూర్చుని మూడు ట్రిప్పులు వెళ్లాను. ఒకటే చెప్పాను, "నీ బానెట్టు ముందు చూడకు, రెండు వందల గజాల అవతల చూడు." బ్రేకరు కనపడగానే కాలు తీసెయ్యి, గేరులోనే ఉంచు, బండి దానంతట అదే తగ్గుతుంది. సార్వా (వానాకాలం వరి) కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, ఎదురు బండి వస్తే ఎవరో ఒకరు ఆగాల్సిందే. దూరం నుంచే చూసి నెమ్మదించినవాడు ఆగకుండా దాటతాడు.

గేరులోనే ఉంచు అన్నాను కదా, నీ స్నేహితుడి న్యూట్రల్ సలహాకు జవాబు అదే. ఇప్పటి కామన్ రైలు డీజిల్ ఇంజనులో గేరులో ఉండి కాలు పూర్తిగా తీస్తే కంప్యూటరు డీజిల్ కొట్టడమే ఆపేస్తుంది. చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్ చేశావంటే ఇంజను ఆరిపోకుండా ఉండటానికి మళ్లీ డీజిల్ తాగడం మొదలుపెడుతుంది. అంటే వంతెన దిగుడులో న్యూట్రల్‌కు ఖర్చు ఉంది, గేరుకు లేదు. ఒప్పుకోవాల్సింది ఒకటుంది. న్యూట్రల్‌లో బండి ఇంకాస్త దూరం దొర్లుతుంది. కానీ మన వంతెనల దిగుడు ఎంత? దిగగానే ఊరో, మలుపో ఉంటుంది, ఎలాగూ బ్రేకు వేయాల్సిందే.

కొందరు ఇంకా ముందుకెళ్లి ఇంజనే ఆపేస్తారు. నేనూ చేశాను, చించినాడ వంతెన మీద, వయసు పొగరుతో. బ్రేకుకు బలం ఇచ్చే వ్యాక్యూమ్ ఇంజను తిరిగితేనే తయారవుతుంది. ఆగిపోతే రెండు మూడు తొక్కుళ్లకు సరిపడా మిగులుతుంది, తర్వాత పెడలు రాయిలా బిగుసుకుపోతుంది. కింద ఎడ్లబండి అడ్డంగా తిరుగుతోంది, నేను రెండు కాళ్లతో పెడలు మీద నిలబడ్డాను. ఎద్దు కొమ్ముకు అద్దం తగిలి పగిలింది, అంతటితో పోయింది. ఆరోజు మిగిలిన డీజిల్ విలువ కంటే అద్దం ఖరీదు ఎక్కువ.

లోడు లేకుండానే బండి బరువుగా కదులుతోందనిపిస్తే చక్రాలు చూడు. మనవైపు చేపలు, రొయ్యల ట్రేల నుంచి ఉప్పునీళ్లు కారుతూ ఉంటాయి. నీది సెకండ్ హ్యాండ్ బండి అన్నావు, ముందు ఎవరి దగ్గర ఏ లోడు తోలిందో కనుక్కో. ఉప్పు తిన్న బండికి హ్యాండు బ్రేకు కేబుల్, వెనక డ్రమ్ముల్లో లివర్లు తుప్పు పట్టి వెనక్కి సరిగ్గా రావు, బ్రేకు పట్టే ఉంటుంది. పది కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి ఆపి, చక్రాల దగ్గరకు చెయ్యి తీసుకెళ్లు, తాకొద్దు. నాలుగింటిలో ఒకటి మిగతావాటి కంటే సెగ కొడుతుంటే దొంగ దొరికినట్టే. టైర్ల గాలి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూడాలి, డోరు పక్క స్టిక్కరు మీద లోడుకు ఎంత రాశారో అంత. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం నాలుగు టైర్లలో ఒక్కో పాయింటు తగ్గితే 0.2 శాతం మైలేజీ పోతుంది. చిన్నదే అనిపిస్తుంది, కానీ పికప్పు వెనక టైర్లలో పది, పదిహేను పాయింట్లు తక్కువ ఉండటం నేను రోజూ చూస్తున్నాను, టైరు అంచులు అరిగేది కూడా అందుకే.

టైరు అంటే గుర్తొచ్చింది, సైజు మార్చావా? నేను ఒకసారి కాస్త పెద్ద టైర్లు వేయించి, మైలేజీ పడిపోయిందని నెల రోజులు టెన్షన్ పడ్డాను. టైరు పెద్దదైతే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు ఆ సంగతి తెలియదు, వంద కిలోమీటర్లు పోతే 96 చూపించింది. ఖర్చు పెరగలేదు, లెక్క తప్పింది.

ఊరికే ఇంజను ఆన్‌లో ఉంచితే గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు. లోడింగు గంట పడుతుంది కదా, ఆపెయ్యి, పాటలు ఫోనులో వినొచ్చు. నీది బీఎస్ 6 బండి, సైలెన్సరులో మసి పట్టే ఫిల్టరు ఉన్న రకం అయితే ఒక మాట. గట్ల మీద పదేసి కిలోమీటర్ల ట్రిప్పులే కొడితే ఫిల్టరు వేడెక్కక మసి పేరుకుంటుంది, దాన్ని కాల్చడానికి బండి అదనంగా డీజిల్ కొట్టుకుంటుంది. వారానికి ఒకసారి హైవే మీద అరగంట ఆపకుండా నడిపితే సర్దుకుంటుంది. నీకు ఇప్పుడా సమస్య లేదు.

మైలేజీ పెరుగుతుందంటూ డీజిల్ పైపుకు తగిలించే అయస్కాంతం గురించి కూడా అడిగావు. నేను కొన్నాను. ఇప్పుడు మా ఇంటి ఫ్రిజ్జు మీద కరెంటు బిల్లును పట్టుకుని ఉంది, ఆ పని బాగానే చేస్తోంది.

ఇంజెక్టర్లు నిజంగా పాడైతే బండి చెప్తుంది. పొద్దున్నే స్టార్టు కావడానికి సతాయిస్తుంది, ఐడ్లింగులో, అంటే బండి ఆగి ఇంజను తిరుగుతున్నప్పుడు కుదుపుతుంది, నల్ల పొగో తెల్ల పొగో కక్కుతుంది, టకటకమని కొత్త చప్పుడు వస్తుంది, ఇంజనాయిలు మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. ఇవేమీ నువ్వు రాయలేదు. ఉన్నా కూడా దించే ముందు రిటర్ను టెస్టు చెయ్యమను, ఒక్కో ఇంజెక్టరు నుంచి ఎంత డీజిల్ వెనక్కి వస్తోందో సీసాల్లో పట్టి చూస్తే చాలు.

అంతకంటే ముందు ఒక పని చెయ్యి. ఈ ఆదివారం ఫ్రేము ఊడదీసి, బండి పూర్తిగా ఖాళీ చేసి, టైర్లలో గాలి సరిచేసి, తెల్లవారుజామున నాలుగున్నరకు రావులపాలెంలో ఒక బంకులో ట్యాంకు నింపు. గన్ను మొదటిసారి ఆగిన దగ్గరే ఆపించు, తర్వాత గుక్కలు గుక్కలుగా పోయించకు. హైవే మీద 60లో, టాప్ గేరులో తాడేపల్లిగూడెం దాకా వెళ్లి, దిగకుండా తిరిగొచ్చి, అదే బంకులో, అదే గన్నుతో, బండి అదే వైపు నిలబెట్టి మళ్లీ మొదటి ఆగుడు దాకా నింపు. కిలోమీటర్లను లీటర్లతో భాగించు. వెళ్లిన దారిలోనే తిరిగొస్తావు కాబట్టి, ఆ వేళ గాలీ తక్కువే కాబట్టి అది నీ ఇంజను అసలు అంకె. పదిహేను దాటిందా, మెకానిక్కుకు దండం పెట్టి వచ్చెయ్యి. పదమూడు కూడా రాకపోతే డ్రమ్ములు ఎలా ఉన్నాయో చూసి ఆ అంకెతో పాటు నాకు రాయి, అప్పుడు ఇంజెక్టర్ల గురించి మాట్లాడుకుందాం.